ఉన్నది ఉన్నట్టుగా: అమెరికాలో పాత ఇల్లు, నగదు బేరం

అమెరికాలో పాత ఇళ్ల క్రయవిక్రయాల్లో తరచుగా వినిపించే ‘యాజ్ ఈజ్’ అన్న మాటకు ‘ఉన్నది ఉన్నట్టుగా’ అని అర్థం. పైకప్పు కారుతున్నా, పునాది బీటలు వారినా, గొట్టాలు తుప్పు పట్టినా అమ్మేవారు మరమ్మతుకు ఒక్క డాలరైనా ఖర్చు పెట్టరనీ, కొనేవారు ఇంటిని ఆ స్థితిలోనే తీసుకుంటారనీ ఒప్పందంలో రాసుకోవడాన్ని ఆ మాట సూచిస్తుంది. దానికి జంటగా వచ్చే ‘క్యాష్ బయ్యర్’ అన్న పదం తెలుగు పాఠకులకు మరో అర్థం స్ఫురింపజేయవచ్చు. తెలుగు ప్రాంతాల్లో స్థిరాస్తి బేరంలో నగదు అనగానే లెక్కకు రాని నోట్ల కట్టలు గుర్తుకొస్తాయి. ఆ అలవాటును అరికట్టడానికే భారత ఆదాయపు పన్ను చట్టం 2015 జూన్ 1 నుంచి స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, ఆపైన మొత్తాన్ని నోట్ల రూపంలో పుచ్చుకోవడాన్ని నిషేధించింది. అమెరికాలో మాత్రం గృహరుణం మంజూరు కోసం ఆగనక్కరలేని కొనుగోలుదారు అని మాత్రమే ‘క్యాష్ బయ్యర్’ మాటకు అర్థం. ఆ సొమ్ము కూడా బ్యాంకు ద్వారానే, ఇరుపక్షాల డబ్బునూ పత్రాలనూ మధ్యవర్తిగా భద్రపరిచే ఎస్క్రో సంస్థకో టైటిల్ కంపెనీకో చేరి, అక్కడి నుంచి అమ్మినవారికి అందుతుంది.

పాత ఇల్లు ఇలాంటి కొనుగోలుదారు చేతికే ఎందుకు పోతుందన్నదానికి జవాబు గృహరుణ నిబంధనల్లో ఉంది. రుణమిచ్చే సంస్థ ముందుగా అప్రైజల్, అంటే ఇంటి విలువ మదింపు, చేయిస్తుంది. ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ హామీతో వచ్చే రుణాలకైతే ఇల్లు నివాసయోగ్యంగా, సురక్షితంగా ఉండాలన్న కనీస ప్రమాణాలు వర్తిస్తాయి. 1978కి ముందు కట్టిన ఇంట్లో సీసం కలిసి ఉండగల రంగు పెచ్చులూడుతుంటే రుణం ముందుకు సాగాలంటే దాన్ని సరిచేయక తప్పదు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో పింగాణీ గుబ్బల మీదుగా తీగలు లాగిన విద్యుత్ వైరింగు ఇంకా మిగిలి ఉంటే బీమా సంస్థలు వెనకాడతాయి, బీమా లేనిదే రుణం రాదు. ఈ విధంగా సాధారణ కుటుంబాలు ఒక్కొక్కటిగా తప్పుకోగా, వృద్ధాప్యంలో ఇంటిని సంభాళించలేనివారు, తల్లిదండ్రుల ఇల్లు వారసత్వంగా పొంది వేరే రాష్ట్రంలో ఉంటున్నవారు, రుణవాయిదాలు తప్పి జప్తు అంచున ఉన్నవారు నగదు కొనుగోలుదారు వైపు చూస్తారు.

ఆ కొనుగోలుదారు ధర కట్టే తీరు తెలుసుకోవడం అమ్మేవారికి చాలా అవసరం. ఇళ్లు కొని, బాగుచేసి, తిరిగి అమ్మే వ్యాపారుల్లో 70 శాతం సూత్రం ఒకటి వాడుకలో ఉంది: మరమ్మతులన్నీ అయ్యాక ఇల్లు ఎంతకు అమ్ముడుపోతుందో అంచనా వేసి, అందులో 70 శాతం తీసుకుని, మరమ్మతు ఖర్చును తగ్గించగా మిగిలింది వారు ఇవ్వదలచిన గరిష్ఠ ధర. బాగుపడ్డాక 3,00,000 డాలర్లు పలికే ఇంటికి 60,000 డాలర్ల పని ఉందనుకుంటే 2,10,000 నుంచి ఆ మొత్తం పోను 1,50,000 డాలర్ల ఆఫర్ వస్తుంది. మిగిలిన 90,000 డాలర్లలో తిరిగి అమ్మేటప్పటి ఏజెంటు కమిషను, ఇల్లు చేతిలో ఉన్నన్నాళ్ల పన్నులూ బీమా, వ్యాపారి తాను తెచ్చుకున్న అధిక వడ్డీ అప్పు ఖర్చు, అనుకోని నష్టానికి దన్ను, చివరగా లాభం ఇముడుతాయి. ఇది అన్యాయమని తేల్చేయడం సరికాదు, ఎందుకంటే ఆ ప్రమాదాన్ని ఎవరో ఒకరు మోయాలి. అయితే మరమ్మతు అంచనా, భవిష్యత్తు ధర అంచనా రెండూ కొనేవారి లెక్కలే అయినప్పుడు, కొన్ని వందల డాలర్లతో స్వతంత్ర ఇన్‌స్పెక్టరు చేత ఇంటిని చూపించుకోని అమ్మకందారుకు బేరమాడడానికి ఆధారమే ఉండదు.

వీటన్నిటికంటే ముఖ్యమైన సంగతి, ‘యాజ్ ఈజ్’ అన్న మాట మరమ్మతు బాధ్యతను తప్పిస్తుందే గాని నిజం చెప్పే బాధ్యతను తప్పించదు. కాలిఫోర్నియాలో అమ్మేవారు ఇంటిని ఉన్నదున్నట్టుగానే అమ్ముతున్నా తమకు తెలిసిన లోపాలను నిర్ణీత పత్రంలో రాసివ్వాలి. న్యూయార్క్‌లో ఆ పత్రానికి బదులు కొనేవారికి 500 డాలర్లు తగ్గించి ఊరుకునే వెసులుబాటు ఉండేది గాని 2024 మార్చి 20 నుంచి దాన్ని తీసేశారు. అలబామా వంటి చోట్ల పాత ఇళ్ల విషయంలో కొనేవారే చూసుకోవాలన్న పాత న్యాయం ఇప్పటికీ చాలావరకు నిలిచి ఉంది. రాష్ట్రాల మధ్య ఈ తేడాలెలా ఉన్నా, ఇళ్లకు సీసం కలిసిన రంగును నిషేధించిన 1978కి ముందు కట్టిన ఇళ్లన్నిటికీ దాదాపుగా 1992 నాటి కేంద్ర చట్టం వర్తిస్తుంది: అమ్మేవారు పరీక్ష చేయించనక్కరలేదు, కానీ సీసం గురించి తెలిసినదేదీ దాచకూడదు, కొనేవారు వద్దనుకుంటే తప్ప పరీక్షకు 10 రోజుల గడువివ్వాలి. 1991లో న్యూయార్క్‌ అప్పీలు కోర్టు ముందుకు వచ్చిన ఒక వివాదంలో, తన ఇంట్లో దయ్యాలున్నాయని అంతకుముందు లోకానికి చాటుకున్న యజమాని ఆ మాట కొనేవారికి చెప్పలేదు. ఎంత జాగ్రత్తగా పరిశీలించినా కొనేవారికి తెలిసే అవకాశం లేని సంగతి అది గనుక ఒప్పందం రద్దు కోరే హక్కు వారికి ఉందని కోర్టు తీర్పిచ్చింది. భారతదేశపు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ సారం కూడా ఇదే: సాధారణ జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్య లోపం అమ్మేవారికి తెలిసి ఉంటే దాన్ని వెల్లడించాలి.

నగదు కొనుగోలుదారుగా పరిచయం చేసుకునే ప్రతివారి దగ్గరా నిజంగా డబ్బు ఉండదన్నది మరో చిక్కు. హోల్‌సేలర్ అనే మధ్యవర్తి తక్కువ ధరకు ఒప్పందం రాయించుకుని, ఇల్లు కొనకుండానే ఆ ఒప్పందాన్ని వేరొకరికి ఎక్కువ ధరకు బదలాయించి తేడాను మిగుల్చుకుంటాడు. ఎవరూ దొరక్కపోతే తప్పుకుంటాడు, వారాల తరబడి ఎదురుచూసిన యజమాని మొదటికి వస్తాడు. ఇల్లినాయ్‌ రాష్ట్రం 2019లో ఇలాంటి లావాదేవీలను ఏడాదిలో ఒకటికి మించి చేసేవారికి లైసెన్సు తప్పనిసరి చేసింది. పెన్సిల్వేనియాలో 2025 జనవరి నుంచి లైసెన్సుతో పాటు, ఒప్పందం కుదిరిన 30 రోజుల్లోగా, ఇల్లు చేతులు మారకముందే, దాన్ని రద్దు చేసుకునే హక్కును అమ్మేవారికి ఇచ్చారు. కొనేవారి ఖాతాలో డబ్బున్నట్టు బ్యాంకు ధ్రువపత్రం, చెప్పుకోదగ్గ బయానా, బదలాయింపుకు వీల్లేదన్న షరతు, ఈ మూడూ అడిగితే ఉత్తచేతుల బేరగాళ్లు చాలావరకు తప్పుకుంటారు. ఒకే ఆఫరుకు తలూపకుండా ఇంటిని ‘యాజ్ ఈజ్’ అని బహిరంగంగా మార్కెట్‌లో పెట్టడం కూడా సాధ్యమే. కొనుగోలు ధరనూ మరమ్మతు ఖర్చునూ ఒకే రుణంలో కలిపే ‘203(కె)’ పథకం ఉన్నందున, పాత ఇంటి మీద మనసుపడ్డ సాధారణ కుటుంబం కూడా అక్కడ పోటీకి రావచ్చు.

అమెరికాలో ఇల్లు కొని, తరవాత హైదరాబాదుకో విజయవాడకో తిరిగొచ్చి, పన్ను చట్టం దృష్టిలో అక్కడి నివాసులు కాకుండా పోయిన తెలుగువారికి ఈ బేరంలో అదనపు మెలిక ఒకటుంది. 1980 నాటి ఫిర్ప్టా చట్టం ప్రకారం విదేశీయుల ఇల్లు కొన్నవారు సాధారణంగా 15 శాతం పట్టి ఉంచి అమెరికా పన్ను శాఖకు కట్టాలి, అదీ లాభం మీద కాదు, మొత్తం అమ్మకపు ధర మీద. 3,00,000 డాలర్లకు మించని ఇంటిని కొనేవారు తామే కాపురముండడానికి తీసుకుంటే ఈ కోత ఉండదు. మరమ్మతు చేసి అమ్మే వ్యాపారి అందులో కాపురముండడు గనుక, 2,80,000 డాలర్ల ఇంటికి 42,000 డాలర్లు ఆగిపోతాయి. అసలు పన్ను అంతకంటే తక్కువని చూపి ముందే ధ్రువపత్రం తెచ్చుకోవచ్చు గాని, దరఖాస్తుపై నిర్ణయానికి సాధారణంగా 90 రోజుల దాకా పడుతుంది. రెండు వారాల్లో ముగిసే నగదు అమ్మకానికి ఆ వ్యవధి ఎలాగూ సరిపోదు కనుక, రిజిస్ట్రేషను పూర్తయ్యేలోపు దరఖాస్తు చేసుకుంటే, ఆ 42,000 డాలర్లు పన్ను శాఖకు వెళ్లకుండా నిర్ణయం వచ్చేదాకా ఎస్క్రోలో నిలిచి ఉంటాయి. దరఖాస్తు చేయకపోతే మరుసటి ఏడాది రిటర్ను దాఖలు చేసి వాపసు కోసం ఎదురుచూడాలి.