పైథాన్ లోపలి భాగాలకు స్క్రిప్టుల పరీక్ష

పైథాన్ భాషలో రెండు సంఖ్యలను కూడమని మీరు రాస్తే జవాబు వెంటనే తెరపైన కనిపిస్తుంది. కాని నిజంగా కూడింది ఎవరు? తెర వెనుక ఉన్న సీ భాషా ఫంక్షన్! గీడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేసిన పైథాన్‌కు ఎక్కువమంది వాడే రూపం సీపైథాన్. ఇది సీ భాషలో రాసిన ప్రోగ్రాము.

ఈ లోపలి ఫంక్షన్లను పరీక్షించడానికి మామూలు స్క్రిప్టులు చాలవా? చాలవు. జవాబు సరిగా వచ్చినా లోపల తప్పు దాగి ఉండవచ్చు. ఒక వస్తువును ఎన్నిచోట్ల వాడుకుంటున్నదీ పైథాన్ లెక్క పెట్టుకుంటుంది. సీ ఫంక్షన్ వస్తువును తనవద్ద ఉంచుకుంటే లెక్కను ఒకటి పెంచాలి, వదిలేటప్పుడు ఒకటి తగ్గించాలి. లెక్క సున్నా అయితే మెమరీ ఖాళీ అవుతుంది. తగ్గించడం మరిస్తే ఆ మెమరీ ఖాళీ కాదు. రాత్రింబవళ్లు నడిచే సర్వర్ చిల్లుకుండ అవుతుంది. అదనంగా తగ్గిస్తే వాడుకలో ఉన్న వస్తువే మాయమై ప్రోగ్రాము కూలిపోవచ్చు.

అందుకే సీపైథాన్ నిర్మాతలు ‘టెస్ట్‌సీఏపీఐ’ అనే మాడ్యూలును వంతెనగా కట్టారు. ఇందులోని చిన్న ఫంక్షన్లు సీ ఫంక్షన్లను నేరుగా పిలిచి, ఫలితాన్ని స్క్రిప్టుకు అందిస్తాయి. బయటివారి వాడకానికి కాని అంతర్గత ఫంక్షన్ల కోసం 2019లో వెలువడిన 3.8 వెర్షన్‌లో మరో మాడ్యూలు చేరింది.

దీనివల్ల లాభమేమిటో చూడండి. మెమరీ చాలనప్పుడు పైథాన్ ఏం చేస్తుంది? కంప్యూటరు మెమరీనంతా నింపి చూడటం కష్టం. ఈ మాడ్యూలులోని ఒక ఫంక్షన్‌తో, ఫలానాసారి అడిగినప్పటి నుంచి మెమరీ దొరకనట్లు చేయవచ్చు. స్క్రిప్టు మొదటిసారి, రెండవసారి, మూడవసారి... ఇలా వరుసగా ఒక్కొక్కచోట వైఫల్యాన్ని కల్పిస్తుంది. ప్రతిచోటా పైథాన్ కూలిపోకుండా, మెమరీ లేదన్న సంగతిని ప్రోగ్రాముకు తెలియజేయాలి.

కారుతున్న మెమరీని పట్టుకోవడానికి మరో ఉపాయం ఉంది. పరీక్షల కోసం ప్రత్యేకంగా తయారుచేసిన పైథాన్‌లో ఒకే పరీక్షను పదేపదే నడుపుతారు. మొదటి కొన్నిసార్లు లెక్కలోకి తీసుకోరు. ఆ తర్వాత కూడా మొత్తం లెక్క ప్రతిసారీ పెరుగుతూ ఉంటే, ఎక్కడో తగ్గించడం మరిచారని అనుమానించాలి.

ఒక చిక్కు ఉంది. పరీక్షించే స్క్రిప్టు నడిచేది కూడా ఆ పైథాన్‌లోనే! అది కూలితే స్క్రిప్టూ పోతుంది. కనుక ప్రమాదకరమైన పరీక్షలను వేరే ప్రాసెస్‌లో నడిపి, దాని ముగింపును బయటినుంచి గమనిస్తారు.

ఈ మాడ్యూళ్లు పరీక్షలకే పరిమితం. మీ ప్రోగ్రాములలో వీటిపై ఆధారపడకండి. ఏ కొత్త వెర్షన్‌లోనైనా ఇవి మారిపోవచ్చు.