రంగు వెయ్యడం సులువే... నిలపడమే కష్టం!

మూడేళ్ల క్రితం మాట. పిల్లలు చదువులకి వెళ్లిపోయాక ఇంట్లో ఊరికే కూర్చోవడం ఇష్టంలేక, నా చేతుల్తో నేను నాలుగు రూపాయలు సంపాదించుకోవాలనిపించింది. అందరూ ‘సహజమైన రంగులు’ అంటున్నారు కదా, మన వంటింట్లో పసుపు లేదా అనుకున్నాను. తెల్లటి నూలు చున్నీలు ఆరు తెచ్చి, పసుపు నీళ్లలో మరిగించి ఆరేశాను. బంగారంలా మెరిసిపోయాయి! మా వీధిలోవాళ్లే ఒక్కోటీ 200 రూపాయలకి కొనుక్కున్నారు. నా మొట్టమొదటి సంపాదన 1,200 రూపాయలు దేవుడి దగ్గర పెట్టి దణ్ణం పెట్టుకున్నాను.

పదిహేను రోజులు తిరక్కుండానే, బ్యాంకులో పనిచేసే ఎదురింటి అమ్మాయి చున్నీ పట్టుకుని వచ్చింది. “ఆంటీ, ఏమీ అనుకోకండి. సబ్బు పెడితే ఎర్రగా మారింది. ఎండలో ఆరేస్తే వెలిసిపోయింది” అంది. తలెత్తలేకపోయాను. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా అవుతుందని తెలిసినదాన్ని, సబ్బులోని క్షారం కూడా అదే పని చేస్తుందని ఎందుకు ఆలోచించలేదో! ఆరుగురికీ డబ్బు తిరిగిచ్చేశాను. పోయిన డబ్బుకంటే పోయిన మాటే ఎక్కువ బాధించింది.

వగరు పడితేనే రంగు పడుతుంది

మా పిన్నిగారిది బందరు. ఆవిడ నన్ను వెంటబెట్టుకుని పెడన తీసుకెళ్లింది. కలంకారీ అచ్చులు అద్దే ఊరది. అక్కడ ఒక పెద్దాయన నా కథంతా విని నవ్వి, “అమ్మా, నువ్వు బట్టకి రంగు పూశావు. పట్టించలేదు. ముందు వగరు పట్టించాలి” అన్నారు.

వగరంటే కరక్కాయ. గంజి పోయేలా ఉతికిన బట్టని కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెడతారు. కాళహస్తిలో కలంతో బొమ్మలు గీసేవాళ్లయితే అందులో గేదెపాలు కూడా కలుపుతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కలకి పాకదు. ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి తీసిన ద్రవాన్ని ఈ బట్టమీద అద్దితే, చూస్తుండగానే నల్లబడింది! కరక్కాయలోని వగరూ ఇనుమూ కలిసి నూలులోనే నలుపు పుడుతుందన్నమాట.

ఎరుపు సంగతి ఇంకా చిత్రం. ఎర్రగా కావలసినచోట అద్దేది ఎరుపు కాదు, పటిక! దాన్ని ఆరబెట్టి, పారే నీళ్లలో జాడించి, మంజిష్ఠ లాంటి వేళ్లు వేసి ఉడికిస్తే పటిక పడినచోటే ఎరుపు తేలుతుంది. నూలుకీ రంగుకీ ముడి వేసేది పటికే.

పూర్వం ఎరుపుకి చిరివేరు వాడేవారు. అందులో ఉండే అలిజరిన్ అనే పదార్థాన్ని 1868లో గ్రేబ్, లీబర్మన్ అనే జర్మనీ శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో తయారుచేశారు. ఆ తర్వాత ఫ్యాక్టరీ అలిజరిన్ చవగ్గా దొరకడంతో చాలాచోట్ల అదే వాడుకలోకి వచ్చింది. కాబట్టి కలంకారీ అనగానే అంతా వేళ్లూ ఆకులే అనుకోకండి. కొనేముందు ఒకమాట అడగండి. నిజాయితీగా చేసేవాళ్లు దాచకుండా చెబుతారు.

చెక్కమీద పసుపు

బట్ట సంగతి తెలిశాక చెక్క సంగతి కూడా తెలుసుకోవలసి వచ్చింది. కారణం మా అక్కయ్య మనవడు. పళ్లొచ్చే వయసు, ఏది దొరికితే అది నోట్లోనే! బజారులో కొన్న రంగు బొమ్మని వాడు కొరుకుతుంటే నాకు భయం వేసింది. కొన్ని రంగుల్లో సీసం ఉంటుందనీ, అది పిల్లల మెదడుకి మంచిది కాదనీ చదివి ఉన్నాను. అందుకని అనకాపల్లిలో పెళ్లికి వెళ్లినప్పుడు, వరాహనది ఒడ్డునున్న ఏటికొప్పాక దాకా వెళ్లొచ్చాను. ఆ లక్క బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

అక్కడ అంకుడు కర్రని లేత్ మీద గిరగిరా తిప్పుతూ నునుపుగా చెక్కుతారు. రంగు కలిపిన లక్క కడ్డీని ఆ తిరిగే బొమ్మకి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి చెక్కకి పూతలా అంటుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. నీలానికి నీలిమందు, నారింజకి జాఫ్రా గింజలు, పచ్చదనానికి... నన్ను ముంచిన పసుపే!

“ఇది వెలవదా?” అని అడిగాను. లక్క లోపల ఉంటుంది కనక నీళ్లూ సబ్బూ దాని దాకా వెళ్లవట. ఎర్రటి ఎండలో మాత్రం పెట్టకూడదు. తప్పు పసుపుది కాదు, దాన్ని పెట్టిన చోటుది అని అప్పుడర్థమైంది.

ఇంట్లో చేసి చూడండి

ఒక చున్నీ (సుమారు 200 గ్రాముల నూలు బట్ట) గంజి పోయేలా సబ్బు నీళ్లలో ఉడికించి జాడించండి. 40 గ్రాముల కరక్కాయ పొడి కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పిండి, నీడన ఆరబెట్టండి. 30 గ్రాముల పటిక కరిగించిన వేడినీళ్లలో మళ్లీ ఒక రాత్రి ఉంచండి. 200 గ్రాముల ఎండు దానిమ్మ తొక్కలు ఉడికించి వడకట్టిన నీళ్లలో, పైపైన జాడించిన బట్ట వేసి సన్నని మంటమీద ముప్పావుగంట ఉంచండి. అందులోనే చల్లారనివ్వండి. ఆవపిండి రంగు వస్తుంది. స్టీలు గిన్నే వాడండి. ఇనుప మూకుడయితే రంగు నల్లబారుతుంది. ఆ గిన్నె మళ్లీ వంటకి వాడకండి.

అన్నిటికంటే ముఖ్యం, ఎవరికైనా అమ్మేముందు ఒక పీలిక కత్తిరించి, సగం పుస్తకం కింద దాచి, వారంరోజులు కిటికీ ఎండలో పెట్టండి. ఇంకో పీలిక సబ్బుతో ఉతకండి. రంగులో తేడా వస్తే అమ్మకండి.

నేను మొదట చెయ్యాల్సిన పని అది. ఆలస్యంగానైనా చేశాను. ఎదురింటి అమ్మాయికి దానిమ్మ రంగు చున్నీ ఊరికే ఇచ్చి, “ఆర్నెల్లు వాడి చెప్పమ్మా, నచ్చితేనే డబ్బివ్వు” అన్నాను. ఏడో నెల్లో వచ్చి 200 చేతిలో పెట్టి, వాళ్ల వదినకి ఇంకోటి కావాలంది. ఇప్పుడు నేను వేసే ప్రతి చున్నీకీ ఒక చిన్న చీటీ కుడుతున్నాను. ఏ కాయతో, ఏ తొక్కతో రంగు వేశానో, ఎలా ఉతకాలో అందులో ఉంటుంది. “నీడన ఆరెయ్యండి” అన్నమాట మాత్రం పెద్ద అక్షరాల్లో రాస్తాను!