చిత్రకళా శిక్షణలో ఆతిథ్యం

ఉపాధి కోసం వేలూరు, గుడియాత్తం చేరిన తెలుగు కుటుంబాల పిల్లలు చిత్రకళా శిక్షణకు వచ్చిన తొలిరోజే, తమిళం రాదన్న బెరుకుతో వెనుదిరిగే ప్రమాదం ఉంది. అందుకే పాఠానికి ముందు సమీప బేకరీలోని బన్ను, రస్కు, ఉప్పు బిస్కెట్లు అందరికీ పంచడం మేలు. వాటి పేర్లు ఇరుభాషలవారికీ పరిచితమే కనుక మాట సులువుగా కలుస్తుంది.

వేలూరు కోటలోని ఆలయ శిల్పాలు గీయాలా, గుడియాత్తం చేనేత లుంగీల గళ్లు గీయాలా అన్నది తినే వేళలోనే పిల్లలను అడిగి నిర్ణయించవచ్చు.

గుడ్డు కలిసినవాటిని వేరు పళ్లెంలో ఉంచి, ఆ సంగతి తెలుగు, తమిళ భాషలలో రాసిపెట్టాలి. చేతులు కడిగించాకే కాగితాలు ఇవ్వాలి. వెన్న అంటిన చోట నీటిరంగు పట్టదు. వెంట వచ్చిన తల్లులకూ పళ్లెం అందిస్తే, ఆ కుటుంబం మళ్లీ రావడానికి సంకోచించదు.