ఐరోపా రంగస్థలమును మన కపిలేశ్వరపురమును

ఐరోపా నాటకచరిత్ర మన కెందులకని ప్రశ్నించువారు విద్యావంతులలో సైతము గలరు. భరతముని నాట్యశాస్త్రము మనకుండగా గ్రీకుల ముసుగులును, ఆంగ్లేయుల రంగశాలలును క్రొత్తగా నేర్పునదేమి యని వారి వాదము. వేరొక తెగవారు షేక్స్పియరు పేరు వినినంతనే చేతులు జోడింతురు. తమ యూరి పందిరిలో హరికథకుడు చిరుతలు చేతబూని నిలచినప్పుడు మాత్రము లేచిపోవుదురు. ఈ యిరుతెగలవారును ముఖ్యవిషయమును విడిచిపెట్టుచున్నారని మా యభిప్రాయము. ప్రదర్శనరీతి యొకటి యెట్లు నశించునో, నశించినదానిని మరల నిలుపుటకు ఎంత శ్రమ పడవలసివచ్చునో ఐరోపా నాటకచరిత్ర కండ్లకు కట్టినట్లు చూపును. అది మనకు మిక్కిలి యవసరమైన పాఠము.

1642వ సంవత్సరమున ఆంగ్ల పార్లమెంటు లండను రంగశాలలను మూయించెను. 1660లో రాజరికము తిరిగి వచ్చువరకు, అనగా పదునెనిమిదేండ్లు, ఆ నిషేధము తొలగలేదు. అంతకుముందు స్త్రీపాత్రలను బాలురు ధరించెడివారు. వారు పెద్దనటుల యిండ్లలో శిష్యులుగా నుండి నడకను, పలుకును, చూపును నేర్చెడివారు. నిషేధము తొలగిన పిమ్మట స్త్రీలే రంగమెక్కిరి. చిత్రించిన తెరలు వచ్చినవి. అది మంచి మార్పే. కాని పూర్వపు బాలనటుల విద్య గురువులతోనే పోయినది. నాటకములు అచ్చులో మిగిలినవి. నటుడెట్లు నిలిచెనో, పద్యము నే వడిలో పలికెనో చూపగలవారు మిగులలేదు. పదునెనిమిదేండ్లనగా శిష్యుడు గురువగుటకు పట్టుకాలము. ఒక విద్య యంతరించుటకు ఆ మాత్రము వ్యవధి చాలినది.

పోయినదానిని వెదకుట కేమి మిగిలెనో చూడుడు. ఫిలిప్పు హెన్స్లో యను రంగశాల యజమాని పండితుడు కాడు, వడ్డీవ్యాపారి. ఏ నాటకమునకు వసూలెంత, ఏ దుస్తులకు వ్యయమెంత, ఏ కవికి బయానా యెంత యని 1592 మొదలు ఆయన వ్రాసికొనిన లెక్కలపుస్తకమే నేడు పరిశోధకులకు ముఖ్యాధారము. 1596 ప్రాంతమున లండనుకు వచ్చిన డచ్చి యాత్రికుడు డి విట్టు స్వాను రంగశాల నొక కాగితముపై గీసికొనెను. ఆ చిత్రము పోయినది. దానికి మిత్రుడు వ్రాసికొనిన ప్రతి 1888లో ఉట్రెక్టు నగరమున బయల్పడినది. ఆ కాలపు బహిరంగ రంగశాల లోపలిభాగమును చూపు సమకాలిక చిత్ర మదియొక్కటియే! 1881లో విలియము పోయెలు హామ్లెటు నాటకమును తెరలు, చిత్రపటములు లేకుండ పూర్వపద్ధతిని ప్రదర్శించి క్రొత్తత్రోవ చూపెను. 1989లో రోజు రంగశాల పునాదులు త్రవ్వకములలో దొరికినవి. తుదకు 1997లో, 1599 నాటి గ్లోబు రంగశాలకు ప్రతిరూపము థేమ్సు నదీతీరమున తెరువబడినది. మూడువందల యేబదియేండ్లకు పైగా గడచిన పిమ్మట నిట్లు కట్టుకొనినదానిలోను కొంత యూహయే గలదని ఆ పండితులే యొప్పుకొందురు.

ఇటలీదేశపు ముసుగునాటకముల కథయు నిట్టిదే. వానికి వ్రాతప్రతి కథాసంగ్రహము మాత్రమే. సంభాషణము నటుని నోట అప్పటికప్పుడు పుట్టవలసినదే. ఇరువదవ శతాబ్దమున మిలాను నగరపు రంగస్థలము ఆ సంప్రదాయమును మరల నెత్తుకొనినప్పుడు తోలుముసుగు చేయు పనితనము సైతము మరుగుపడి యుండెను. అమ్లెటో సార్టోరి యను శిల్పి దానిని మరల సాధింపవలసివచ్చెను.

ఇక మనవారి సంగతి. వావిలాల వాసుదేవశాస్త్రిగారు జూలియస్ సీజరు నాటకమును 1876లో తెనిగించిరి. వీరేశలింగము పంతులుగారు 1880లో కామెడీ ఆఫ్ ఎర్రర్సును చమత్కార రత్నావళిగా మార్చిరి. 1885 నుండి సురభివారు తెరలతో, యంత్రచమత్కారములతో ఊరూర ప్రేక్షకులను ముగ్ధులను గావించిరి. ఇట్లు గ్రంథమును గ్రహించితిమి, తెరను గ్రహించితిమి. ప్రదర్శనచరిత్రను శ్రద్ధతో వ్రాసి దాచుకొను నలవాటును మాత్రము గ్రహింపలేదు.

పరదేశవిద్య యభిమానమును చంపుననువారికి హరికథాపితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారే (1864–1945) సమాధానము. ఆయన కాళిదాసును షేక్స్పియరును ప్రక్కప్రక్కన నుంచి నవరసతరంగిణి రచించిరి. అయినను గజ్జె విడువలేదు, చిరుతలు విడువలేదు. పాటయు, ఆటయు, మాటయు ఒక్క మనిషియే చేసి తెల్లవార్లు సభను నిలుపు హరికథను శాస్త్రీయకళగా నిలబెట్టిరి.

ఆ హరికథకు నేడు గౌతమీతీరమున కపిలేశ్వరపురము నీడనిచ్చుచున్నది. ఆ గ్రామపు జమీందారీ వంశీయుల పూనికతో 1973లో వెలసిన శ్రీ సర్వరాయ హరికథా పాఠశాల ముఖ్యముగ బాలికలకు భోజనవసతులిచ్చి ఈ విద్యను నేర్పుచు వచ్చినది. కీర్తన, పద్యము, వచనము, అభినయము, లయ – ఇవి యన్నియు ఒక్కచోట గురుముఖమున నేర్పుట సామాన్యకార్యము కాదు. లండను నగరము పోగొట్టుకొని వెదకికొనినదానిని ఈ పల్లె పోకమునుపే పట్టుకొన యత్నించినది.

గోదావరీసీమలో ఈ విద్యను బాలికలు నేర్చుటలో మరియొక విశేషము గలదు. ఈ సీమలోనే కళావంతుల కుటుంబములు పదములను, అభినయమును తరతరములుగా కాపాడినవి. 1947 నాటి మదరాసు చట్టము దేవదాసీలుగా సమర్పించుటను, దేవాలయములలో వారి నృత్యమును నిషేధించెను. స్త్రీజాతికి జరుగుచున్న యన్యాయమును మాన్పు నుద్దేశము గల ఆ చట్టమును మేము శంకింపము. మా బాధ వేరు. అన్యాయమును తొలగించునపుడు ఆ స్త్రీల విద్యను వ్రాసికొనవలెనని, గౌరవముతో బ్రతుకు దారి చూపవలెనని తలచినవా రెందరు? నటరాజ రామకృష్ణగారు (1923–2011) వృద్ధకళాకారిణులను వెదకి, వారి యభినయమును ఆంధ్రనాట్యమను పేర వేదిక కెక్కించిరి. పేరిణిని పునరుద్ధరించుటకు జాయపసేనాని నృత్తరత్నావళిని, రామప్పగుడి శిల్పములను ఆధారము చేసికొనిరి. పోయెలు ఆంగ్లమునకు చేసిన సేవ యిదియే. కాని ప్రాణమున్న గురువు చూపిన అభినయమునకును, శిలనుండి యూహించిన భంగిమకును గల భేదమును ఎవరు పూడ్చగలరు?

కాలము మారును, కళయు మారవలెను, పాతదానికి కాపలా యేల యని కొంద రనవచ్చును. మారవలసినదే. నారాయణదాసుగారు సైతము మార్చినవారే. తెలిసి మార్చుట వేరు, మరచి పోగొట్టుకొనుట వేరు. పూర్వరీతి యెరిగినవాడు దానినుండి క్రొత్తదారి తీయగలడు. ఎరుగనివాడు చలనచిత్రములలో చూచినదానిని అనుకరించును.

కావున మా విన్నపము మూడు మాటలు. భూస్వాముల యిండ్ల బీరువాలలో పాత నాటకసమాజముల లెక్కలు, కరపత్రములు, పాత్రధారుల పట్టికలు పురుగులపాలగుచున్నవి. వానిని పారవేయక గ్రంథాలయముల కీయుడు. హెన్స్లో చిట్టా వంటిది మన గ్రామములలోను నుండవచ్చును. రెండవది, ఊరిలోని వృద్ధకళాకారులచే పాడించి, ఆడించి, ఏ గురువువద్ద నేర్చిరో, ఏ చోట నేమి మార్చిరో వారి నోటనే చెప్పించి భద్రపరుపుడు. నేడు చేతిలోని ఫోనే ఆ పనికి చాలును. మూడవది, దేవాలయోత్సవములందు హరికథకు ఒక రాత్రి కేటాయించి, తగిన సంభావన యిచ్చి, తుదివరకు కూర్చుండి వినుడు. కపిలేశ్వరపురము విద్య నేర్పి పంపిన బాలిక పందిరి పందిరి తిరిగినను వినువారు లేనిచో ఆ పాఠశాల చేసిన కృషి యేమగును? లండనులో రంగశాలలను మూయుటకు పార్లమెంటు చట్టము కావలసివచ్చెను. మన పందిళ్లు మూతబడుటకు మన యుదాసీనతయే చాలునని చదువరులు గుర్తింతురుగాక.