కందికాయపై ఈకరెక్కల పురుగు

నందికొండ కడ 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర నిర్మాణమునకు శంకుస్థాపన జరిగినది. ఆ కాలువనీరు ఎక్కని నల్లగొండ చెలకలలో కంది నేటికిని వానను నమ్ముకొని పండును. కాయపై రంధ్రము కనబడినంతనే రైతు శనగపచ్చ పురుగును నిందించును. నేరము వేరొకదానిది కావచ్చును.

అట్టి దోషులలో ఈకరెక్కల పురుగు ఒకటి. శాస్త్రజ్ఞులు దీనిని ఎక్సెలాస్టిస్ అటమోసా అందురు. దీని గొంగళి పొడవు సుమారు అర అంగుళము. వన్నె ఆకుపచ్చ గోధుమ. మేనంతయు పొట్టి వెండ్రుకలు. శనగపచ్చ పురుగు దీనికి మూడింతలు పెరిగి, మట్టిలో దిగి ప్యూపా యగును. ఇదియో కాయనే అంటిపెట్టుకొని ప్యూపా యగును. ఆ ప్యూపాయును గొంగళినే పోలియుండును.

రెక్కలు వచ్చిన పురుగునకు ముందురెక్క రెండుగను, వెనుకరెక్క మూడుగను చీలి ఈకలవలె నుండును. వాలినపుడు రెక్కలను ముడిచి కావడిబద్దవలె అడ్డముగ చాచును. ఇంతమాత్రమున కుటుంబమే తెలియును. చిక్కుడుపై వ్రాలు దీని దాయాదికిని ఇవే లక్షణములు. జాతిని నిశ్చయించుటకు జననాంగములను సూక్ష్మదర్శినితో పరిశీలింపవలెను.

బడిపిల్లలు ప్యూపా గల కాయను గాజుసీసాలో నుంచి, మూతికి పలుచని గుడ్డ కట్టినచో, కొలది దినములలో ఈకరెక్కలను కన్నులార చూడగలరు. పేరు తప్పినచో మందును తప్పును. రైతు సొమ్మును వ్యర్థమగును. నిందకు ముందు చూపు కావలెను.