కూర్చుంటే పడేసే యంత్రం

జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్ కొండల్లో షొల్లాఖ్ అని ఓ చిన్న ఊరు. అక్కడ సత్రం నడిపే రాబర్ట్ వింటర్‌హాల్డర్ 1908లో తన అతిథుల కోసం నీటిమిల్లు శక్తితో ఓ కేబుల్‌ను తిప్పి, దానితో మనుషుల్ని కొండెక్కించాడు. దాని పొడవు 280 మీటర్లు, ఎక్కించే ఎత్తు 32 మీటర్లు. స్కీ లిఫ్టుల వంశవృక్షం అక్కడి నుంచే మొదలవుతుంది. పేటెంటు తీసుకున్నా ఆయనకు కలిసిరాలేదు. మొదటి ప్రపంచయుద్ధంతో ఆ కథ ముగిసిపోయింది.

పేరుకు లిఫ్టే గానీ, ఈ యంత్రం మనిషిని పైకి ఎత్తదు. కాళ్లకున్న స్కీలు మంచు మీదే ఉంటాయి, బరువంతా మంచే మోస్తుంది. 70 కిలోల మనిషిని 15 డిగ్రీల వాలు మీదికి లాగడానికి 18 కిలోల బరువుకు సమానమైన బలం చాలు, రాపిడి కోసం ఇంకాస్త. ఇంత తక్కువతో పని జరిగిపోతుంది కనుకనే పాత కారు ఇంజన్లు కూడా దీనికి సరిపోయాయి.

అమెరికాలో జరిగింది అదే. 1934 జనవరిలో వెర్మాంట్ రాష్ట్రం వుడ్‌స్టాక్ దగ్గర, ఓ రైతు పచ్చిక వాలు మీద ఫోర్డ్ మోడల్-టీ ఇంజన్‌తో తాడు తిప్పారు. కొండ పైనా కిందా కప్పీలు, మధ్యలో ఆగకుండా తిరిగే తాడు, అంతే. పరిగెత్తే తాడును గబుక్కున పట్టుకుంటే భుజాలు ఊడొచ్చినంత పనవుతుంది. అందుకే మొదట చేతుల్లోంచి జారనిచ్చి, మెల్లగా పిడికిలి బిగించాలి. చేతితొడుగులు అరిగిపోయేవి. తడిసిన తాడు బరువుకు పిల్లల చేతులు లాగేసేవి. అన్నిటికన్నా భయం తాడు మెలితిరగడం. వేలాడే మఫ్లరు కొస దొరికితే దాన్నీ చుట్టేసుకుంటుంది. చౌక యంత్రానికి జనం చెల్లించిన అసలు ధర ఇదీ.

ఈ బాధ చేతులది కాబట్టి చేతుల్ని తప్పించాలన్నది స్విస్ ఇంజనీరు ఎర్నెస్ట్ కాన్‌స్టమ్ ఆలోచన. తాడును నేల మీంచి తీసి స్తంభాల మీదికి ఎక్కించాడు. దాని నుంచి ఇంగ్లిషు ‘జే’ ఆకారంలో కొక్కేలు వేలాడదీశాడు. కొక్కెం వంపు నడుము కింద, వెనకవైపు ఆనుతుంది. 1934 క్రిస్మస్ ముందురోజు దావోస్‌లోని బోల్గెన్ వాలు మీద అది మొదలైంది. మరుసటి ఏడాదే ‘జే’ కాస్తా ‘టీ’ అయింది, ఒకరికి బదులు ఇద్దరు పక్కపక్కన ఎక్కసాగారు. బయల్దేరేటప్పటి కుదుపును మధ్యలో ఓ స్ప్రింగు మింగేస్తుంది. నా లెక్కలో ఈ స్ప్రింగే కాన్‌స్టమ్ గొప్పతనం.

చిక్కల్లా మనిషితోనే. వెనక కర్ర తగలగానే ఒళ్లు కూర్చోమంటుంది. కూర్చున్నామా, స్ప్రింగు సాగిపోతుంది, మనం మంచులో వెల్లకిలా! ఈ కర్ర పని ఆగిపోయిన స్కూటర్‌ను పక్క బండి మీంచి కాలు ఆనించి తోసుకొచ్చే స్నేహితుడి పని. తోస్తాడు గానీ ఒళ్లో కూర్చోబెట్టుకోడు.

ఫ్రాన్స్‌లో జాన్ పోమగాల్‌స్కీ ఇదే సూత్రంతో ఆల్ప్ డ్యూయెజ్‌లో మరో రకం చేశాడు. కర్ర చివర గుండ్రటి పళ్లెం, దాన్ని కాళ్ల మధ్య ఇరికించుకోవాలి. మన గుల్‌మర్గ్ గొండోలా కట్టింది ఆయన పెట్టిన కంపెనీయే.

1936లో అమెరికాలోని సన్ వ్యాలీలో కుర్చీ లిఫ్టు వచ్చింది. నౌకల్లోకి అరటిగెలలు ఎక్కించే యంత్రాలు తెలిసిన ఇంజనీరు జేమ్స్ కరన్ దాన్ని రూపొందించాడు. మనిషికి కావలసింది కూర్చోవడమే కదా, డబ్బున్న చోటల్లా కుర్చీలే గెలిచాయి.

కాన్‌స్టమ్ ‘టీ’ కొక్కేల లిఫ్టులు, అంటే టీ-బార్లు మాత్రం పూర్తిగా పోలేదు. పెద్ద గాలి లేస్తే కుర్చీలు ఊగుతాయని ఆపేస్తారు. నేలకు దగ్గరగా ఉండే టీ-బార్ అప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. ఇక హిమానీనదాల మీద వీటికి గట్టి పోటీయే లేదు. అక్కడ కాళ్ల కింది మంచుగడ్డ కదులుతూ ఉంటుంది, కుర్చీ లిఫ్టుకు కావలసిన భారీ పునాది దానిలో నిలవడం కష్టం. టీ-బార్ స్తంభాలు తేలిక, మంచు పక్కకు జరిగినప్పుడల్లా సిబ్బంది వాటిని సరిచేసి మళ్లీ వరుసలో నిలబెడతారు.