క్వెరీ ఫలితాల పరిమితి

డేటాబేసు పట్టికపై వేసిన క్వెరీకి ఎన్ని వరుసలు సరిపోయినా, వాటిలో అడిగినన్ని మాత్రమే తిరిగి వచ్చేలా చేయడాన్ని ఫలితాల పరిమితి అంటారు. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, ఎస్‌క్యూలైట్‌లలో క్వెరీ చివర "లిమిట్" అని రాసి సంఖ్య ఇస్తారు. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వరులో "సెలెక్ట్" తరువాత "టాప్" రాస్తారు. 2008 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో "ఫెచ్ ఫస్ట్" చేరింది. ఒరాకిల్ 2013లో విడుదలైన 12సి నుండి దీనిని అంగీకరిస్తోంది.

క్రమం లేని పరిమితి

పట్టికలోని వరుసలకు సహజమైన క్రమమంటూ ఏదీ లేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అనే మూడు వరుసలున్న పట్టిక నుండి "లిమిట్ 2" అని అడిగితే ఏ రెండైనా రావచ్చు. నేడు వచ్చినవే రేపు వస్తాయన్న హామీ లేదు. "ఆర్డర్ బై"తో పేరు ప్రకారం అమర్చితే కోదాడ, మిర్యాలగూడ వస్తాయి.

అయితే క్రమం ఉన్నంత మాత్రాన చాలదు. ఈ మూడూ ఒకప్పుడు నల్గొండ జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడినప్పుడు సూర్యాపేట, కోదాడ అందులో చేరాయి. మిర్యాలగూడ నల్గొండలోనే ఉండిపోయింది. ఇప్పుడు జిల్లా పేరు ప్రకారం అమర్చి రెండు వరుసలు అడిగితే మొదటిది మిర్యాలగూడ. రెండవ స్థానానికి సూర్యాపేట, కోదాడ సమానం. ఏది మిగులుతుందో చెప్పలేము. సమానమైనవన్నీ కావాలంటే "విత్ టైస్" వాడాలి, అప్పుడు మూడూ వస్తాయి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఇది 2020 నాటి 13వ వెర్షనులో వచ్చింది.

ఒరాకిల్ పాత పద్ధతియైన "రోనమ్" మరింత తికమక పెడుతుంది. అది క్రమంలో పెట్టకముందే వరుసలకు సంఖ్యలు వేస్తుంది. కనుక అదే క్వెరీలో "ఆర్డర్ బై" రాస్తే, ముందు ఏవో పది ఎంచి వాటినే అమర్చి ఇస్తుంది. క్రమాన్ని లోపలి క్వెరీలో పెట్టి, పరిమితిని బయట విధించాలి.

పుటలుగా చూపడం

పరీక్షా ఫలితాలను మార్కుల క్రమంలో పుటకు ఇరవై చొప్పున చూపడానికి "ఆఫ్‌సెట్"తో ముందువాటిని దాటవేస్తారు. ఒకే మార్కులు వచ్చినవారు పలువురున్నప్పుడు ఒక పేరు రెండు పుటలలో కనబడి, మరొకటి ఏ పుటలోనూ లేకుండా పోవచ్చు. ఆ విద్యార్థి తాను తప్పానని అనుకునే ప్రమాదముంది. మార్కుల తరువాత హాల్‌టికెట్టు సంఖ్యను కూడా క్రమంలో చేర్చితే ఈ చిక్కు ఉండదు. పైగా దాటవేసిన వరుసలను సైతం డేటాబేసు చదివి విడిచిపెట్టవలసిందే. కాబట్టి పెద్ద పట్టికలలో ఆఫ్‌సెట్‌కు బదులు, గత పుటలోని చివరి మార్కులు, హాల్‌టికెట్టు సంఖ్యల తరువాతివి ఇమ్మని షరతు పెట్టడం మేలు.